పిండిమరలో వాన

మా వీధి మొదట్లో, బస్సులు మలుపు తిరిగే చోట ఒక టీ కొట్టు ఉంది. రెండు బల్లలు. అందులో ఒకదానికి కాలు కురచ. దానిమీద ఒక చివరివాడు లేస్తే రెండో చివరివాడు నేలమీద ఉంటాడు, కాబట్టి అక్కడ కూర్చునేవాళ్ళం ఒకరినొకరు అడిగి లేస్తాం. నేను ఎప్పుడో కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. జీవితం మొత్తంలో దాన్ని వాడుకున్నది ఆ బల్లమీద ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చడానికే. అదలా ఉంచండి.

ఆ కొట్టుకి మహారాజు సశేషం గారు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. ఒకప్పుడు వారపత్రికలో నేరాల సీరియళ్ళు రాసేవారు, ప్రతి భాగం కిందా 'సశేషం' అని ఉండేది, అదే ఆయనకి అంటుకుంది. నిజంగా జరిగిన నేరాన్ని నవలలా రాయడం తనతోనే మొదలైందంటారు. "విలేకరి రాస్తే తెలుస్తుంది, నేను రాస్తే కనిపిస్తుంది" అనేది రోజుకి ఒక్కసారైనా మేం వినే మాట.

ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. వెంట ఒక పబ్లిషరు, కుర్రవాడే, భుజాన సంచి, ముఖం నిండా అనుమానం. సశేషం గారి పాత సీరియల్ 'పిండిమర హత్య'ని పుస్తకంగా వేయడానికి వచ్చాడు. అట్టమీద 'నిజంగా జరిగిన కథ' అని పెద్దక్షరాలు ఉండి తీరాలని ఈయన పట్టు. పేచీ అక్కడే.

"కోర్టు కాగితాల కోసం వెతికించానండీ, ఎక్కడా లేవు," అన్నాడు పబ్లిషరు. "ఆ కేసు తెలిసినవాళ్ళు, బతికున్నవాళ్ళు ఒక్కరు 'అవును, జరిగింది' అంటే చాలు, అట్ట అచ్చుకి పంపేస్తాను. సాక్షి లేకుండా మాత్రం ఆ మాట వేయలేను."

సశేషం గారి చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. ఈ వయసులో ఇంకో పబ్లిషరు ఆయన గుమ్మం తొక్కడని మాకు తెలుసు. ఆయనకి మాకంటే బాగా తెలుసు.

"సాక్షి ఎందుకయ్యా?" అన్నారు. "ముందు జరిగింది విను. విన్నాక నువ్వే సాక్షివైపోతావు."

వినేవాళ్ళం ఎవరమంటే, కొట్టు నడిపే అమ్మాయి, రిటైరైన లైన్‌మన్, నేను. ఇంకా మఫ్లర్ మామయ్య. ఈయన ఈ మధ్యే పక్క సందులో కూతురింటికి వచ్చాడు. జలుబు చేసి గొంతు పోయింది, పది రోజులు నోరు విప్పొద్దన్నాడట డాక్టరు. మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చి, సైగ చేసి వేడినీళ్ళు తాగుతాడు. రోజూ జేబులోంచి ఫోను తీసి ఒక నంబరు నొక్కుతాడు, అవతల మోగి మోగి ఆగిపోతుంది, మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. "మాట్లాడలేనివాడివి, ఫోనెందుకు మామయ్యా?" అని కొట్టు అమ్మాయి ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటాడు.

సశేషం గారు గొంతు సవరించుకున్నారు.

"అసలు నేను చేసింది పెద్ద ఘనకార్యం ఏమీ కాదు, ముందే చెప్తున్నాను, గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు. పోలీసుల కంటే కాస్త ముందు వెళ్ళాను, అంతే. ఆఫీసులో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాను, ఆ రోజుల్లో మా ఆఫీసులో ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరేవి, తిరక్కపోతే ఎడిటరు ఎగిరేవాడు, సరే, ఫోను మోగింది. ఎవరూ? ఆ ఊళ్ళో మా పత్రిక ఏజెంటు. 'సార్, సినిమా హాలు ఎదురుగా పిండిమర ఉంది చూడండి, ఆ పిండిమర ఆయన గొంతు వాళ్ళ బావే కోశాడు, బజారంతా ఒకటే గోల' అన్నాడు. బావంటే ఎవరు? సొంత అక్క మొగుడు! ఇంకొకడైతే ఏం చేస్తాడు? అయ్యో అంటాడు. నేనేం చేశానో తెలుసా? 'వాన పడుతోందా?' అని అడిగాను."

"వానెందుకండీ?" అన్నాడు పబ్లిషరు.

"అదీ! తేడా అక్కడే ఉంది. విలేకరి టైము అడుగుతాడు, నేను వాతావరణం అడుగుతాను. వాన లేని హత్యని నేను చేత్తో ముట్టుకోను."

"పడుతోందన్నాడా మరి?" అన్నాడు లైన్‌మన్.

"లైను తెగిపోయింది. అయినా, హత్య జరిగాక పడకుండా ఎక్కడికి పోతుందయ్యా వాన?"

మఫ్లర్ మామయ్య వేడినీళ్ళు ఊదుకోవడం ఆపాడు. అప్పుడు నేను అంతగా పట్టించుకోలేదు, నీళ్ళు చల్లారాయి కాబోలనుకున్నాను.

"అర్ధరాత్రేనా గురువుగారూ?" అన్నాడు లైన్‌మన్.

"ఛ! అందరూ హత్యని అర్ధరాత్రి పెడతారు. నేను మిట్టమధ్యాహ్నం పెట్టాను."

"పెట్టారా?"

"అంటే, జరిగిందయ్యా! మధ్యాహ్నం జరిగినదాన్ని మధ్యాహ్నమే ఉంచాను అంటున్నాను. మాటకి అడ్డం రాకు. వెళ్ళేసరికి కుండపోత. పిండిమర రేకొకటి గాలికి లేచిపోయి, పైనుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మిల్లు ఇంకా ఆడుతోంది. బెల్టు టపటపా కొట్టుకుంటోంది. ఆడించేవాడు మాత్రం జల్లెడ పక్కన వెల్లకిలా పడున్నాడు. ఒళ్ళంతా తెల్లటి పిండి. మెడ దగ్గర మాత్రం, ఇదిగో, ఇక్కణ్ణించి…" అంటూ వంగి, మఫ్లర్ మామయ్య మఫ్లరు మీద కుడిచెవి కింద వేలు పెట్టి, ఎడమచెవి దాకా నింపాదిగా గీశారు. "ఇక్కడిదాకా! ఒక్క గీత! వేరే మెడైతే తెగి కింద పడేది, ఆయనది గట్టి మెడ కాబట్టి నిలబడింది."

మామయ్య కదల్లేదు. కళ్ళు మాత్రం సశేషం గారి ముఖాన్ని వెతుకుతున్నాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన నీళ్ళు పిండిలో కలిశాయి. కలిస్తే ఏమవుతుంది? ముద్దవుతుంది. ఆ ముద్దలో హంతకుడి అడుగు! వేళ్ళతో సహా, బొటనవేలి మీద పుట్టుమచ్చతో సహా, అచ్చు గుద్దినట్టు!"

"పుట్టుమచ్చ పిండిలో పడుతుందా బాబాయ్?" అంది కొట్టు అమ్మాయి.

"మంచి గోధుమపిండిలో పడుతుందమ్మా. ఇప్పుడొచ్చే పిండిలో పడదు. పోలీసులొచ్చి తొక్కేస్తారని నేనా అడుగుని జాగ్రత్తగా అట్లకాడతో లేపి, గొడుగు కింద పెట్టుకుని, తిన్నగా బేకరీకి తీసుకెళ్ళాను. 'దీన్ని కాల్చు' అన్నాను. బేకరీవాడు ఏమీ అడక్కుండా కాల్చాడు, నిజమైన పనివాడు. బంగారంలా వచ్చింది! కోర్టులో బల్లమీద పెట్టారు. జడ్జి గారు చూశారు, ప్లీడర్లు చూశారు, సువాసన గది బయటికి కూడా పోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఏమైందనుకున్నారు? కోర్టు బంట్రోతు మడమ కొరికేశాడు!"

లైన్‌మన్ నవ్వు ఆపుకోలేక బల్లమీంచి లేచాడు. నేను దాదాపు కింద పడ్డాను.

"నవ్వులాటగా ఉందా? 'మడమ లేని అడుగు సాక్ష్యం కాదు' అని ప్లీడరు అడ్డం తిరిగాడు. కేసు కొట్టేసే పరిస్థితి. అప్పుడు జడ్జి గారు నా సీరియల్ తెప్పించి, అందులో నేను ఆ మడమని వర్ణించిన పేరా చదివించుకుని, కళ్ళు మూసుకుని, 'మడమ కనిపించింది, కేసు సాగనివ్వండి' అన్నారు. రాయడమంటే అదయ్యా."

పబ్లిషరు తల గోక్కున్నాడు. "చనిపోయే ముందు ఆయన ఏమనుకున్నాడో మీరు రెండు పేజీలు రాశారు. అక్క చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిప్పిందని తలుచుకున్నాడట. అది మీకెలా తెలుసు?"

"ముఖం మీదే రాసుంది కదా, చదివాను. అక్షరాలు కాస్త అలుక్కుపోయాయి, వాన వల్ల. అయినా అది మొదటి భాగమే. నాలుగో భాగం వచ్చేసరికి ఊళ్ళో పోలీసు స్టేషను నా చేతుల్లోకి వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు ఫోను చేసి, 'సార్, బావని ఈ వారం పట్టుకోమంటారా, వచ్చేవారమా?' అనేవాడు. 'ఈ వారం వద్దు. ఈ వారం వాడు వానలో చెరుకు తోటల్లో పరిగెత్తాలి, వర్ణన కంపోజు కూడా అయిపోయింది' అన్నాను. ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఆ మాటే వాడికి చెప్పాడు. ఎంతైనా మర్యాదస్తుడు, పరిగెత్తాడు పాపం."

"పట్టుకున్నాకో?"

"బోనులో నిలబెట్టి 'నీ బావమరిదితో చివరగా ఏమన్నావ్?' అని అడిగితే, 'ఒక్క నిమిషం ఆగండి, పత్రిక చూసి చెప్తాను' అన్నాడు. తను అన్నదానికంటే నేను రాసిందే బాగుందని ఒప్పుకున్నాడు. జడ్జి గారైతే తీర్పు వాయిదా వేశారు. ఎందుకూ? ఆఖరి భాగం ఇంకా రాలేదు! అది చదవకుండా తీర్పెలా చెప్తారు? అది వచ్చిన రోజు పత్రిక విప్పి, నా ఆఖరి పేరా చదివి, కింద సంతకం పెట్టారు. అంతే, అదే తీర్పు. ఉరి."

మఫ్లర్ మామయ్య గ్లాసు బల్లమీద పెట్టాడు. కాస్త గట్టిగానే పెట్టాడు.

"బాగుందండీ," అన్నాడు పబ్లిషరు. "కానీ సాక్షి? ఇన్‌స్పెక్టరు గారున్నారా?"

"పోయాడు."

"జడ్జి గారు?"

"పోయారు. నా సీరియల్ అయిపోయాక ఆయనకి బతుకుమీద ఆసక్తి పోయింది."

"బేకరీ ఆయన? బంట్రోతు?"

"బేకరీవాడు మూసేసి వెళ్ళిపోయాడు. బంట్రోతుకి ఆ మడమ అరగలేదు, దానితోనే పోయాడు."

పబ్లిషరు సంచి భుజానికి తగిలించుకున్నాడు. "అయితే కుదరదండీ. ఏమీ అనుకోకండి."

అంతసేపూ పొంగుతున్న మనిషి ఒక్కసారిగా దిగిపోవడం నేను చూశాను. ఇస్త్రీ చొక్కా కూడా ఎందుకో ఆయనకి వదులైనట్టు అనిపించింది. రెండు క్షణాలే. మళ్ళీ పబ్లిషరు సంచి పట్టుకుని కూర్చోబెట్టారు.

"కూర్చోవయ్యా! ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు, భయపడుతుందని. నువ్వు సాక్షిని అడుగుతున్నావు కాబట్టి చెప్తున్నాను. పోలీసులు రాకముందు, ఆ వానలో, శవం పక్కన పిండిబస్తా మీద కూర్చుని మొదటి పేరా రాసేశాను. రాసింది పైకి చదువుకోవడం నాకలవాటు, చెవికి తగలందే వాక్యం కుదిరిందో లేదో తెలీదు. చదివాను. ఏమైందో తెలుసా? శవం ఒక కన్ను తెరిచింది! ఒట్టు. ఒక్క కన్నే, రెండో దాంట్లో పిండి పడింది. నావైపు చూసి, ఆ తెగిన గొంతుతోనే, స్పష్టంగా, 'రచయిత గారూ, మీరు రాసినట్టే జరిగిందండీ. ఒక్క అక్షరం మార్చకండి' అని, మళ్ళీ కన్ను మూసింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి నీకు?"

"నేనలా అనలేదండీ."

ఎవరన్నారో మొదట అర్థం కాలేదు. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంది ఆ గొంతు.

"అయ్యో మామయ్యా, మాట్లాడొద్దన్నాడు డాక్టరు!" అంది కొట్టు అమ్మాయి.

మఫ్లర్ మామయ్య లేచి నిలబడ్డాడు. మఫ్లరు ఒక్కో చుట్టూ విప్పి భుజాన వేసుకున్నాడు. మెడ నిండా ముడతలు, ముసలివాళ్ళందరికీ ఉండేవే. అంతకుమించి గీతంటూ ఏమీ లేదు.

"మీరెవరండీ?" అన్నాడు పబ్లిషరు.

"వీరి శవాన్నండీ," అన్నాడాయన. "బతికున్న సాక్షి కావాలన్నారు కదా. ఏ వైపు నుంచి ఏ వైపుకి కోశాడో మళ్ళీ ఒకసారి చూపించమనండి, ఇప్పుడు మఫ్లరు అడ్డం లేదు."

సశేషం గారి వేలు గాల్లోనే ఉండిపోయింది.

మామయ్య జరిగింది ముక్కలు ముక్కలుగా, మధ్యలో వేడినీళ్ళు గుటకేస్తూ చెప్పాడు. సినిమా హాలు ఎదురుగా పిండిమర ఆయనదే. ఆయన బావ ఆ మిల్లుకి ఎదురుగానే ఇంకో మిల్లు తెరిచాడు. కోపం రాదూ? బజార్లో, సరిగ్గా పత్రికల ఏజెంటు కొట్టు ముందు నిలబడి, 'మా బావే నా గొంతు కోశాడ్రా' అని అరిచాడు. మనమంతా రోజుకొకసారి ఎవరినో ఒకరిని అనే మాటే. ఏజెంటు ఆ మాటనే ఫోనులో చెప్పాడు. ఫోను ఎత్తినవారు కత్తిని కూడా చేర్చారు.

"పేర్లు మార్చారండీ, నిజమే," అన్నాడాయన. "మిల్లు ఏ సందులో ఉందో మాత్రం తప్పులేకుండా రాశారు. బావ మిల్లుకి జనం మానేశారు, పిండి నెత్తురు వాసన వేస్తోందని. నా మిల్లుకీ మానేశారు, చచ్చినవాడి దగ్గర పిండేం ఆడిస్తామని. పత్రిక ఆఫీసుకెళ్ళి, 'నేను బతికే ఉన్నానండీ' అంటే, 'సీరియల్ బాగా పోతోంది, అయ్యేదాకా ఓపిక పట్టండి, తర్వాత బతుకుదురుగాని' అన్నారు."

లైన్‌మన్ నవ్వబోయి మానేశాడు.

"బావా నేనూ తిట్టుకుంటూనే ఒకరి బెల్టు ఒకరం వాడుకునేవాళ్ళమండీ, రెండు నెలలైతే కలిసిపోయేవాళ్ళం. కానీ ఇది నేనే కక్షకొద్దీ రాయించానని మా అక్క నమ్మింది. పత్రిక ముట్టుకోనైనా లేదు, ఇరుగుపొరుగు చెప్పిందే విన్నది. బావా అక్కా మిల్లు అమ్మి ఊరు విడిచి వెళ్ళిపోయారు. పోయినేడు బావ పోయాడు. ఉరి కాదండీ, మామూలుగానే పోయాడు. చివరి చూపుకి వెళ్తే అక్క తలుపు వేసుకుంది. రోజూ ఫోను చేస్తాను, నా నంబరు చూసి ఎత్తదు."

అంతవరకూ వింటున్న సశేషం గారు ఒక్కసారి పబ్లిషరు భుజం తట్టారు. "విన్నావా! సాక్షి! ఏకంగా హతుడే నడిచొచ్చాడు! ఏ పుస్తకానికి దొరుకుతాడయ్యా ఇలాంటి సాక్షి?"

"కావాలంటే నవల అని వేస్తానండీ," అన్నాడు పబ్లిషరు.

"నవలా?" సశేషం గారికి నిజంగానే చురుక్కుమంది. "నాకు ఊహ చేతకాదయ్యా! జన్మలో ఒక్కటైనా కల్పించి రాశానా?"

మామయ్య ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. "పుస్తకం మీ ఇష్టమండీ, నన్ను మళ్ళీ చంపుకున్నా ఫర్వాలేదు. మా అక్కతో ఒక్క మాట చెప్పండి, నేను రాయించలేదని. నేను చెప్తే వినదు, నా నంబరైతే ఎత్తదు."

పబ్లిషరు తన ఫోను తీశాడు. మామయ్య నంబరు చూసుకోకుండానే చెప్పాడు. ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినిపించేట్టు నొక్కాడు పబ్లిషరు. రెండుసార్లు మోగింది.

"హలో, ఎవరండీ?" పెద్దావిడ గొంతు, కరుకుగా.

సశేషం గారు ఫోనుమీదికి వంగారు. "అమ్మా, నమస్కారం. పిండిమర కథ రాసినవాణ్ని నేనే."

"ఇంకా ఏం మిగిలిందని ఫోను చేశారు? మా తమ్ముడు చెప్పాడు, మీరు రాశారు. ఇద్దరూ బాగుండండి."

"మీ తమ్ముడు చెప్పడమేంటమ్మా!" సశేషం గారికి రోషం ముంచుకొచ్చింది. "ఒకరు చెప్తే రాసేవాణ్నా నేను? స్వయంగా చూసి రాశాను. కళ్ళకి కట్టినట్టు ఇప్పటికీ ఉంది. మిట్టమధ్యాహ్నం, కుండపోత వాన, పిండిమర రేకొకటి గాలికి లేచిపోయి, పైనుంచి ధారగా…"

నేను తల పట్టుకున్నాను. పబ్లిషరు ఫోను లాక్కోబోయాడు.

"వానా?" అంది ఆవిడ.

"కుండపోతమ్మా!"

"ఆ ఏడు మాకు వానెక్కడిదయ్యా? కుళాయిలు ఎండిపోయి, ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకు చచ్చాం. మా తమ్ముడు కూడా వరసలో నిలబడేవాడు. ఆ మిల్లుకి రేకులెక్కడివి? మా నాన్న దగ్గరుండి వేయించిన స్లాబు." ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో కరుకు లేదు. "వాడు చెప్పుంటే వాన అని చెప్పడు. రేకు లేచిందని అసలే చెప్పడు… ఏమయ్యా, మా వాడు మీ దగ్గరికి రాలేదా?"

సశేషం గారు నోరు తెరిచారు. ఇన్నేళ్ళలో మేమెప్పుడూ చూడనిది అది: నోరు తెరుచుకుంది, మాట రాలేదు. తల మాత్రం అడ్డంగా ఊపారు.

"రాలేదంటున్నారమ్మా, తల ఊపుతున్నారు," అంది కొట్టు అమ్మాయి ఫోనులోకి.

"వాడక్కడున్నాడా?"

పబ్లిషరు ఫోను తీసి మామయ్య నోటి దగ్గర పెట్టాడు. ఆయన రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారికి పెగిలింది.

"ఉన్నానక్కా."

ఫోను పెట్టేస్తుందనుకున్నాం.

"ఏమైందిరా," అంది ఆవిడ, "నీ గొంతుకి?"